దొరసానులూ, దుకేసలూ

ఎమీలియా పార్దో బథాన్ నవలల్ని మూలంలో చదవాలన్న కోరికతో స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. బిరుదుల పాఠం తేలిగ్గానే అనిపించింది. దూకె-దుకేస, మర్కేస్-మర్కేస, కొందె-కొందేస, బరోన్-బరొనేస. మగ మాటకి చివర 'ఏస' చేరిస్తే ఆడ మాట. మన దొర, దొరసాని లాగే.

మగ మాటల వెనక ఒకప్పుడు పనులుండేవి. లాటిన్ మూలాన్ని బట్టి దూకె అంటే సేనని నడిపేవాడు, కొందె అంటే రాజు వెంట ఉండేవాడు. మర్కేస్ సరిహద్దు సీమకి అధిపతి. మరి దుకేస ఎవరు? వంశం నుంచి బిరుదు స్వయంగా పొందిన స్త్రీ కావచ్చు, దూకెని పెళ్ళాడిన స్త్రీ కావచ్చు. మాట ఆ తేడా చెప్పదు. భార్య వల్ల దూకె అయిన మగవాడికి మాత్రం 'కొన్సోర్తె' అని చేర్చి, ఆ బిరుదు అతనిది కాదని గుర్తు చేస్తారు. సింహాసనం దగ్గర ఇంకా జాగ్రత్త. రాజు భార్య 'రెయ్‌న', అంటే రాణే. రాణి భర్త మాత్రం రాజు కాడు. 1987 నాటి ఉత్తర్వు ప్రకారం అతనిది రాకుమారుడి హోదా.

నన్ను ఎక్కువగా ఆపేసిన మాట 'ఇన్ఫాంత'. వారసత్వం దక్కని రాజు కూతురు. లాటిన్‌లో ఆ మాటకి మూలార్థం నోట మాట రాని పసిబిడ్డ! 1963లో ఎలేనా, 1965లో క్రిస్తీనా పుట్టారు. ఇద్దరూ ఇన్ఫాంతలుగానే ఉండిపోయారు. 1968లో పుట్టిన తమ్ముడు ఫెలీపె 2014లో రాజయ్యాడు. 1978 రాజ్యాంగంలోని 57వ అధికరణం కొడుక్కే ముందు చోటిచ్చింది. ఫెలీపె పెద్ద కూతురు లెయొనోర్ వారసురాలైందంటే తమ్ముడు లేకపోబట్టే.

ప్రభు వంశాల ఆడపిల్లలు కోర్టుకెక్కారు. బిరుదు ఉత్త గౌరవ చిహ్నం, దానివల్ల ఒరిగే ఆస్తి ఏమీ లేదు, కాబట్టి కొడుక్కి ప్రాధాన్యం ఇవ్వడం వివక్ష కాదని 1997లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఉత్త పేరే అయితే అక్కకి ఇవ్వడానికి అంత బాధెందుకో! చివరికి 2006 అక్టోబరులో వచ్చిన 33వ చట్టం ఆడా మగా తేడా లేకుండా పెద్దబిడ్డకే బిరుదు అంది. ప్రభు బిరుదులే ఉండకూడదనుకునే నాలాంటివాళ్ళకి ఇది ఇరకాటమే. పోవలసిన దాంట్లో సమాన వాటా అడగడం ఏమిటి? అయినా ఆ అక్కల పక్షమే నాది.

పార్దో బథాన్‌కి 1908లో కొందేస బిరుదు వచ్చింది. మొగుడి వల్ల కాదు, రచయిత్రిగా తెచ్చుకున్న పేరు వల్ల. తెలియనివాళ్ళు మాత్రం ఆమె భర్త ఏ కొందెయో అనుకుంటారు. రాజు ఇచ్చింది అకాడమీ ఇవ్వలేదు. స్పానిష్ భాషకి నిఘంటువు కూర్చే ఆ రాయల్ అకాడమీ 1889, 1892, 1912లలో మూడుసార్లు ఆమెకి తలుపు మూసింది. 1921లో ఆమె చనిపోయింది. పూర్తి సభ్యత్వానికి తొలిసారి ఒక స్త్రీని ఎన్నుకున్నది 1978లో. ఆ కవయిత్రి పేరు కార్మెన్ కొందె. ఇంటిపేరు కదా, చివర 'ఏస' చేరలేదు.