వైకీకీ అలలు, రాళ్ళు తినే పాట

మొన్నామధ్య ఓఆహూ ద్వీపంలో ఒక వారం గడిపే యోగం పట్టింది. ఉదయం వైకీకీ తీరాన సర్ఫ్‌బోర్డు మీద నిలబడబోయి ఉప్పునీళ్ళు మింగడం, సాయంత్రం ఏదో ఒక పెరటిలో ముప్ఫై మంది మధ్య చాప మీద కూర్చుని గిటారు వినడం. ఇంతకు మించిన దినచర్య లేదు. ఈ టపా యాత్రాకథనం మాత్రం కాదు. ఆ పెరటిలో విన్న ఒక పాట నన్ను తిన్నగా గ్రంథాలయానికి నడిపించింది. అక్కడ చదివిందే ఇక్కడ చెబుతున్నాను.

ఆ రాత్రి గాయకుడు నడివయసు మనిషి. మైకు లేదు, ఒకటే గిటారు. ఒక పాటకు నడక చాలా హుషారుగా ఉంటే మేమంతా చప్పట్లతో తాళం వేశాం. పాట ముగిశాక ఆయన చిరునవ్వుతో, ఇది 'కౌలానా నా పువా' అనీ, 'రాళ్ళు తినే పాట' అని దీనికి మరో పేరనీ చెప్పి, ఇంకేమీ వివరించకుండా తరువాతి పాట అందుకున్నాడు. ఆ పేరు మనసులో ముల్లులా ఉండిపోయింది.

హవాయి భాషలో అలల మీద స్వారీని 'హెఎ నలు' అంటారు. నలు అంటే అల, హెఎ అంటే జారడం. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు ఈ దీవులకు చేరేనాటికే ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ ఆడే ఆట ఇది. 'ఓలో' అనే పొడవైన పలక దొరల సొత్తు. 'అలాయా' అనే పొట్టి పలక సామాన్యులకూ ఉండేది. ఓలో పలకలను తేలికైన విలివిలి కర్రతో చేసేవారు. అది మన బాడిద చెట్టుకు దాయాది. 1820లో వచ్చిన క్రైస్తవ మతప్రచారకులే ఈ ఆటను రూపుమాపారని చాలామంది వ్రాస్తారు. వారికి ఆ ఆటా, ఆ దిగంబరత్వమూ రుచించని మాట నిజమే. కానీ అసలు హంతకి వేరు. బయటి ఓడలతో వచ్చిన అంటురోగాల వల్ల, లక్షలలో ఉండిన ఆ జాతి 1890 జనాభా లెక్కల నాటికి సుమారు 40 వేలకు పడిపోయింది. ఇల్లిల్లూ పాడుబడుతుంటే కడలి మీద ఆడుకునేదెవరు?

చిత్రమేమిటంటే, ఆ క్షీణదశలోనే ఆ దీవుల సంగీతం కొత్త చిగుళ్ళు వేసింది. 1830ల ప్రాంతంలో పశువులను అదుపుచేయడానికి వచ్చిన మెక్సికో కాపరులు గిటారు తెచ్చారు. హవాయి వారు దాని తీగలను సడలించి తమకు నచ్చిన శ్రుతులు కట్టుకున్నారు. దీనినే 'కీ హోఆలు' అంటారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి. పరాయివాడు వింటే దొంగిలిస్తాడని దాచుకునేవారట! (మన విద్వాంసుల ఇళ్ళలోనూ ఇటువంటి కథలు వినలేదూ?) 1879లో మదీరా ద్వీపం నుంచి చెరకుతోటల పనికి వచ్చిన పోర్చుగీసువారి చిన్న వాద్యమే ఉకులేలే అయింది. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు గిటారు తీగల మీద ఇనుప ముక్కను జార్చి కొత్త నాదం పుట్టించాడు. ఆ నాదమే తరువాత మన దేశానికీ వచ్చింది. తౌ మోయ్ అనే కళాకారుడు కుటుంబంతో సహా 1940వ దశకంలో కలకత్తాలో నివసించి దానికి ప్రచారం కల్పించాడు. అదే గిటారును మార్చుకొని బ్రిజ్ భూషణ్ కాబ్రా రాగాలాపన చేశారు. మన రేడియోలో సినిమా పాటల బాణీలను గాత్రం లేకుండా ఆ జారుడు గిటారుపై విన్నవారికి దాని పుట్టిల్లు ఇదని తెలియకపోవచ్చు.

ఇక రాళ్ళు తినే పాట సంగతి. 1893 జనవరి 17న లిలియోకలానీ రాణిని గద్దె దింపారు. కుట్ర పన్నినవారు తెల్లజాతి వర్తకులు, భూస్వాములు. వారికి దన్నుగా ముందురోజే అమెరికా యుద్ధనౌక నుంచి సైనికులు దిగారు. కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రకటిస్తూ సంతకం పెట్టమని రాజాస్థాన బ్యాండు వాద్యగాళ్ళను అడిగారు. పెట్టకపోతే ఉద్యోగం లేదు. వారు నిరాకరించారు. జీతపు రాళ్ళకు లొంగే కన్న మా నేల మీది రాళ్ళు తిని బ్రతుకుతాం అన్నారట. రాణికి సన్నిహితురాలైన ఎలెన్ ప్రెండర్‌గాస్ట్ ఆ మాటనే పాటగా అల్లింది. ఒకప్పుడు దీనికి హులా నృత్యం ఆడడం తగదనుకునేవారు. అటువంటి పాటకు నేను చప్పట్లు కొట్టాను! ఆ బాణీ చేసిన మాయ అది. భాష రానివాడికి విందులాగానే వినిపిస్తుంది.

రాణి స్వయంగా వాగ్గేయకారిణి. 1878లో ఒక వీడ్కోలు ఆలింగనాన్ని చూసి ఆమె కూర్చిన ప్రేమగీతం 'అలోహా ఓయె'. 1895లో ఆమెను తన రాజభవనంలోనే ఒక గదిలో బంధించారు. 1898లో ఆమె దేశం అమెరికాలో కలిసిపోయింది. అటుపిమ్మట యాత్రికుల ఓడలు హొనొలులు రేవు విడిచేటప్పుడు వాయించే పాట అదే అయింది. పాట మిగిలింది, రాజ్యం మిగలలేదు.

1901లో వైకీకీ తీరాన మోఆనా హోటలు వెలిసింది. దాని ముందు సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక చెక్క వంతెన ఉండేది. పగలంతా యాత్రికులకు అలల స్వారీ నేర్పిన స్థానిక యువకులు ('బీచ్ బాయ్స్' అనేవారు) రాత్రుళ్ళు ఆ వంతెన చివర చేరి ఉకులేలేలతో పాడుకునేవారు. వారికోసం వారు పాడుకున్న పాటలవి; అతిథులు వెన్నెల్లో వచ్చి చుట్టూ కూర్చునేవారు. నేను డబ్బిచ్చి కూర్చున్న పెరటి కచేరీకి మూలం అదేనని నా ఊహ. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన డ్యూక్ కహనమోకు ఆ తీరపు బిడ్డే. హెఎ నలును కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా జనానికి కళ్ళారా చూపించినవాడు ఆయన. 1920వ దశకంలో అలా వాయ్ కాలువ తవ్వి, వైకీకీ వెనుక ఉన్న చేమదుంప మళ్ళనూ, వరి పొలాలనూ, బాతుల చెరువులనూ ఎండగట్టి హోటళ్ళకు జాగా చేశారు. 1930లో ఆ వంతెననూ పడగొట్టారు.

బయలుదేరే ముందురోజు ఉదయం నాకు స్వారీ నేర్పిన కుర్రవాణ్ణి ఆ పాట వచ్చా అని అడిగాను. వచ్చన్నాడు. మా మామ్మ నేర్పింది, ఆవిడ చిన్నప్పుడు బడిలో హవాయి మాట్లాడితే దెబ్బలు పడేవి అన్నాడు. 1896 చట్టంతో బడులలో ఆంగ్లమే బోధనాభాష అయిందని చదివి ఉన్నాను గనుక ఆశ్చర్యం కలగలేదు. పాడమంటే మాత్రం తల అడ్డంగా ఊపి, వెనక పెద్ద అల వస్తోంది చూడమని నా పలకను ముందుకు నెట్టాడు.