చిన్న మరపడవల మట్టం: నెల్లూరు తీరంలో సరళ యాంత్రిక సాధనాల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• పడవ వాలు, ఒరుగు అనే భావనలను వివరించగలుగుతారు.
• వాటిని సరిచేసే సాధనాలు నెల్లూరు తీరంలో ఎలా మారుతూ వచ్చాయో చెప్పగలుగుతారు.
• ఒక సాధనం ఒక తీరంలో నిలిచి, మరో తీరంలో ఎందుకు నిలవదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

సాంకేతిక చరిత్ర అనగానే మనకు ఆవిరి యంత్రం, రైలు, ఆనకట్ట గుర్తుకొస్తాయి. వేట పడవ వెనుక భాగాన ఉండే ఒక చీల, ఒక ఇసుక బస్తా, ఎత్తి దించే ఒక పలక గుర్తుకు రావు. అయితే మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లో ప్రాణాలూ జీవనోపాధీ శతాబ్దాలుగా ఇలాంటి చిన్న వస్తువుల మీదే ఆధారపడ్డాయి. అవి చరిత్రకు ఆధారాలేనని ఈ పాఠంలో మీరు గమనిస్తారు.

ముందుగా రెండు మాటలు తెలుసుకోండి. పడవ ముందుభాగం లేచి వెనుకభాగం కుంగడం, లేదా అందుకు విరుద్ధంగా జరగడం వాలు. పడవ కుడికో ఎడమకో వంగడం ఒరుగు. వాలు ఎక్కువైతే ఇంధనం వృథా అవుతుంది, ఎదుట ఉన్నది సరంగుకు కనబడదు. ఒరుగు ఎక్కువైతే పడవ బోల్తా పడవచ్చు.

2. మరకు ముందు: మనిషే తూకపు రాయి

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' కోరమాండల్ తీరంలో దుంగలను కలిపి కట్టిన 'సంగర' అనే పెద్ద నావలను ప్రస్తావిస్తుంది. ఈ తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. అయితే సాధారణ జాలరికి ఆధారం తెప్ప. దుంగలను తాళ్లతో బిగించి కట్టడం వల్ల అలల నీరు సందుల్లోంచి జారిపోతుంది. తెప్ప నీటితో నిండి మునగదు. దాని మట్టాన్ని సరిచేసేది మనుషులే. గాలి ఒకవైపు నెడితే రెండో వైపుకు జరుగుతారు. గాలికి పక్కకు కొట్టుకుపోకుండా నీటిలోకి ఒక పలకను దించుతారు. ఒడ్డు దగ్గరపడగానే దాన్ని పైకి లాగుతారు.

మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖలో డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణంపై విపులమైన అధ్యయనం ప్రచురించాడు. పాక్ జలసంధి ప్రాంతంలో పడవకు అడ్డంగా బయటికి చాచిన పలక మీద మనుషులు కూర్చొని తెరచాప ఒరుగును సరిచేసే పద్ధతిని ఆయన నమోదు చేశాడు. ఇక్కడా బరువు మనిషిదే. పలక ఆ బరువుకు తులాదండంలా పనిచేసింది.

ఇదే జిల్లాలోని బకింగ్‌హామ్ కాలువను పోల్చి చూడండి. అక్కడ నీరు నిశ్చలం. అడుగు బల్లపరుపుగా ఉన్న పడవలను గడలతో నెట్టేవారు, తాళ్లతో లాగేవారు. సరుకును సమంగా సర్దితే మట్టం కుదిరినట్టే. నీటి స్వభావం మారితే సాధనం అవసరమూ మారుతుందన్న మాట.

3. మర వచ్చాక పుట్టిన కొత్త సమస్య

అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909 నుంచి పడవ వెనుక తగిలించే ఇంజన్లను అమ్మకానికి తెచ్చాడు. మన దేశంలో సంప్రదాయ పడవలకు ఇంజన్లు బిగించే ప్రభుత్వ పథకం ఏడో పంచవర్ష ప్రణాళిక కాలంలో (1985–90) ఊపందుకుంది. ఇంజన్, దాన్ని నడిపే మనిషి, ఇంధనం డబ్బా మూడూ వెనుకకే చేరాయి. దాంతో వెనుకభాగం కుంగి, ముక్కు లేచింది.

దీనికి విదేశాల్లో వచ్చిన ప్రసిద్ధ పరిష్కారం మట్టం రేకులు. పడవ వెనుక అడుగు అంచున కుడి ఎడమల రెండు రేకులను బందులతో బిగిస్తారు. రేకును కిందికి వంచితే నీటి ప్రవాహం దాన్ని పైకి నెడుతుంది. వెనుకభాగం లేచి, ముక్కు దిగుతుంది. ఒకవైపు రేకునే వంచితే ఒరుగు సరవుతుంది. అయితే ఈ నెట్టుడు వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల విహారానికి వాడే వేగపు పడవలకు ఇది ఉపయోగం. వలలు, చేపల బరువుతో నెమ్మదిగా కదిలే వేట పడవకు దీనివల్ల కలిగే మేలు స్వల్పం. పైగా పడవను ఇసుక మీదికి లాగినప్పుడు ఆ రేకులే ముందు వంగిపోతాయి.

4. ఒడ్డుకు సరిపోయిన సాధనాలు

మన తీరంలో నిలిచినవి మూడు రకాలు.

(అ) కదిపే బరువు: ఇసుక బస్తా, ఐసు పెట్టె, వల కుప్ప. వీటిని ముందుకు జరిపితే ముక్కు దిగుతుంది. ఖర్చు లేదు, విరిగేదీ లేదు.

(ఆ) వంపు చీల: వెనుక తగిలించే ఇంజన్ బిగింపులో వరుసగా రంధ్రాలుంటాయి. చీలను మార్చి ఇంజన్‌ను పడవ వైపు దగ్గర చేస్తే ముక్కు దిగుతుంది; దూరం చేస్తే లేస్తుంది.

(ఇ) ఎత్తుకునే ఇరుసు: 1979లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో బంగాళాఖాత కార్యక్రమం ప్రారంభమైంది. రేవు లేని తూర్పు తీరం కోసం ఆ నిపుణులు సుమారు 8.5 మీటర్ల పొడవున్న ఫైబర్ పడవలను రూపొందించారు. చిన్న డీజిల్ ఇంజన్ నడిపే ప్రొపెల్లర్‌నూ చుక్కానినీ ఒడ్డు దగ్గర పైకి ఎత్తుకునే 'బాబ్ డ్రైవ్' వీటి ప్రత్యేకత. థాయ్‌లాండ్‌లో పేరుపొందిన పొడవాటి తోక ఇంజన్ కూడా ఇదే సూత్రంపై నడుస్తుంది. ఇంజన్ ఒకవైపు, ప్రొపెల్లర్ రెండోవైపు ఉండి, నడుమ ఇరుసు ఉంటుంది. పిడిని కిందికి నొక్కితే ప్రొపెల్లర్ నీటిలోంచి లేస్తుంది. నడిచేటప్పుడు దాని కడ్డీ వెనుకకు వాలి ఉండటంతో, నెట్టుడు ముందుకే కాక కొంత పైకి కూడా పనిచేసి వెనుకభాగాన్ని లేపుతుంది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత సహాయ కార్యక్రమాల ద్వారా ఫైబర్ పడవలు విరివిగా వచ్చాయి. తెప్పలో నీరు దానంతటదే జారిపోయేది. ఫైబర్ పడవలో అడుగున చేరిన నీరు ఒరిగిన వైపే పరుగెత్తి, ఒరుగును ఇంకా పెంచుతుంది. కాబట్టి నీరు తోడటం కూడా మట్టం సరిచేసే పనిలో భాగమైంది.

5. చర్చ

పై ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే ఒక లక్షణం మీకు స్పష్టమవుతుంది. దించే పలక, మార్చే చీల, లేచే ప్రొపెల్లర్: ఇక్కడ నిలిచినవన్నీ ఎత్తడానికో జరపడానికో వీలైనవి. పడవ రోజూ అలలు విరిగే చోటు దాటి ఇసుక మీదికి రావాలి. అడుగున శాశ్వతంగా వేలాడే భాగానికి అక్కడ మనుగడ లేదు. కొత్త సాంకేతికతను తిరస్కరించిన జాలరిని 'మార్పు ఇష్టపడనివాడు' అని తేల్చే రచనలను మీరు జాగ్రత్తగా చదవాలి. చాలాసార్లు అతడు తిరస్కరించింది మార్పును కాదు, తన ఒడ్డుకు సరిపడని వస్తువును. అదే జాలరి ఇంజన్‌ను, ఫైబర్‌ను స్వీకరించాడన్నది మరవకండి.

6. సారాంశం

మనిషి బరువుతో మొదలైన మట్టం సరిచేసే పని చీలలకూ ఇరుసులకూ చేరింది. సాధనాలు మారాయి, ఒడ్డు పెట్టిన షరతు మారలేదు. రేపు రేవులు పెరిగి, పడవలు ఇసుక మీదికి రావలసిన అవసరం తగ్గితే ఆ షరతూ సడలుతుంది. అప్పుడు ఇక్కడి పడవలకు ఏ సాధనాలు చేరతాయో ఊహించగలగడమే ఈ పాఠం మీకు ఇచ్చే అభ్యాసం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాలుకూ ఒరుగుకూ తేడా ఏమిటి?
2. మట్టం రేకులు నెమ్మదిగా నడిచే పడవలకు ఎందుకు అంతగా ఉపయోగపడవు?
3. 'తీరమే సాధనాన్ని నిర్ణయించింది.' నెల్లూరు తీరపు ఉదాహరణలతో చర్చించండి.