పన్నెండు బోరు – ఒక అంకె వెనుక కథ

మన ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాను గనుక, రిజిస్టరులో రాసిన ఒక అంకె చరిత్ర రాస్తాను.

నా సర్వీసులో కొన్నేళ్లు తుపాకి లైసెన్సుల సీటు చూశాను. "12 బోర్, ఎస్.బి.బి.ఎల్." అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న ఒక ముసలి రైతు రెన్యువల్‌కి వచ్చినప్పుడు, "బాబూ, ఈ పన్నెండేమిటి? అంగుళాలా?" అని అడిగాడు. నేను తడుముకోకుండా, "అది గవర్నమెంటు నెంబరు పెద్దాయనా" అన్నాను. పాపం, నమ్మి దండం పెట్టి వెళ్లిపోయాడు. రిటైరయ్యాక తీరుబడిగా చదువుకుంటుంటే అసలు సంగతి తెలిసింది.

ఒక పౌను సీసాన్ని కరిగించి సరిసమానంగా 12 గుండ్లు పోస్తే, ఒక్కొక్క గుండు ఏ తుపాకి గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 12 బోరు. గుండు బరువు 38 గ్రాములకు కొంచెం తక్కువ, అంటే మన లెక్కలో మూడు తులాల పైమాట. 16 బోరు పన్నెండుకన్నా పెద్దదనుకుంటాం గాని నిజానికి చిన్నది. పౌనుకు పదహారు గుండ్లు రావాలంటే గుండు చిన్నదవాలి కదా! వేటగాడు తన గుండు తానే పోసుకున్న కాలపు కొలత అది. ఆ కాలం పోయినా కొలత మాత్రం మన రిజిస్టరుదాకా వచ్చింది.

గుండుకు సీసమే ఎందుకు? చిన్నప్పుడు మా ఊరి కాలువగట్టున వలలు అల్లేవారు ఇనప గరిటెలో సీసం కరిగించి వలకు గుండ్లు పోస్తుంటే గంటలకొద్దీ చూసేవాణ్ణి. నాలుగు పుల్లల మంట చాలు, వెన్నలా కరిగేది. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడుకే కరుగుతుంది. ఇనుముకు 1500 డిగ్రీలు దాటాలి. పైగా సీసం ఇనుముకన్నా బరువు. కనుక కొలిమి, కమ్మరి లేకపోయినా పొయ్యి ఉన్న ప్రతి ఇల్లూ గుండ్ల కార్ఖానా కాగలిగింది.

ఈ విద్య ఇంటింటా వెలిగింది 18వ శతాబ్దపు అమెరికాలో. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు పొడుగాటి వేట రైఫిళ్లు చేసేవారు. గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లుండేవి. చేతిపని గనుక ఏ రెండు గొట్టాలూ ఒక్క కొలతకు వచ్చేవి కావు. అందుకని తుపాకితోపాటు దాని కొలతకు సరిపోయే అచ్చు కూడా ఇచ్చేవారు. అది చూడటానికి పట్టకారులా ఉండేది. అచ్చు పోతే తుపాకి ఉండీ లేనట్టే.

కొత్తగా నేర్చుకునేవాడికి మొదటి పాఠం ఓపిక. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. అందుకని మొదటి నాలుగైదూ మళ్లీ గరిటెలో వేసేవారు. అచ్చు వేడెక్కాక నున్నగా వచ్చేవి. పైన మిగిలిన తోకను కత్తిరించేవారు. కరిగిన సీసంలో నీటిచుక్క పడిందా, చిటపటమని ముఖాన ఎగిరిపడుతుంది. గొట్టంకన్నా రవ్వంత చిన్నగా పోసిన గుండుకు జిడ్డు రాసిన గుడ్డపీలిక చుట్టి లోపలికి దిగగొట్టేవారు.

లూయీస్, క్లార్క్‌లు 1804లో పడమటి దేశయాత్రకు బయలుదేరినప్పుడు తుపాకిమందును సీసపు డబ్బాల్లో తీసుకువెళ్లారు. ఒక్కో డబ్బాలో 4 పౌన్ల మందు, డబ్బా బరువు 8 పౌన్లు. మందు ఖాళీ కాగానే డబ్బానే కరిగించి గుండ్లు పోసుకోవచ్చు. ఎంత ముందుచూపు!

అంతకన్నా చిత్రమైనది 1776 నాటి సంగతి. జూలై 9న న్యూయార్కులో స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించాక, జనం మూడవ జార్జి రాజు విగ్రహాన్ని తాళ్లు కట్టి పడగొట్టారు. బంగారు పూత వేసిన సీసపు విగ్రహం అది. దాని ముక్కలను చాలావరకు లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఆలివర్ వాల్కాట్ ఇంటికి చేర్చారు. అక్కడ ఆయన పిల్లలు, ఇరుగుపొరుగు స్త్రీలు కూర్చుని 42,088 గుండ్లు తయారు చేశారు. ఎవరు ఎన్ని చేశారో పేరుపేరునా లెక్క రాసి ఉంచారు. రాజుగారి సీసం రాజుగారి సైన్యం మీదికే వెళ్లింది. ఆ లెక్క రాసిన వారెవరో గాని, వారికి నా గుమాస్తా నమస్కారం!

ఆ తరువాత గుండు ఇల్లు వదిలి కార్ఖానాకు చేరింది. 1849లో ఫ్రాన్సుకు చెందిన మీనీయె చేసిన కొత్తరకం తూటా, దాని దారిలోనే 1853 నాటి ఇంగ్లీషువారి ఎన్‌ఫీల్డ్ రైఫిలు వచ్చాయి. తూటాను, మందును కలిపి కాగితంలో చుట్టి, జిడ్డు రాసి సిపాయికి ఇచ్చేవారు. దాన్ని పంటితో కొరికి చింపాలి. అది ఏ జంతువు కొవ్వో అన్న అనుమానం మన దేశంలో ఏమి చేసిందో మనకందరికీ తెలుసు. ఎవరికి నచ్చిన జిడ్డు వారే రాసుకోవచ్చని 1857 జనవరిలోనే ఉత్తర్వు వచ్చింది గాని, అప్పటికే నమ్మకం చెడింది. తిరుగుబాటుకు కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కాని తన గుండు తాను పోసి, తన జిడ్డు తాను రాసుకున్నవాడికి ఆ అనుమానం రావడానికి తావే లేదు కదా.

సొంత గుండ్ల విద్య అంతటితో అంతరించలేదు. పొగరాని మందు వచ్చాక వేగం పెరిగి, మెత్తటి సీసం గొట్టంలో అంటుకుపోతుంటే తూటాకు రాగితొడుగు వేశారు. అయినా అమెరికాలో సరదాకొద్దీ సీసానికి తగరం, ఆంటిమొనీ కలిపి గట్టిపరచి తూటాలు పోసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మన దేశంలో అలా కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు చేయడం నేరం. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ముచ్చట కూడా ముగిసింది.

ఇక అసలు చెప్పవలసిన మాట. సులువుగా కరిగే సీసం ఒంట్లోకీ అంత సులువుగా చేరుతుంది. గుండ్లు పోసేచోట గాలి ఆడాలి, తినకూడదు, చేతులు కడుక్కోవాలి అని ఇప్పుడు మొదటి పాఠంలోనే చెబుతున్నారు. పిల్లల మెదడుకు అది మరీ చేటు. ఒంట్లో ఇంత ఉంటే ప్రమాదం లేదు అనే హద్దే దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేటగాళ్లు వదిలిన కళేబరాల్లోని సీసపు తునకలు తిని కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందులు చచ్చిపోతుంటే, ఆ రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు తూటాలను పూర్తిగా నిషేధించారు.

లిచ్‌ఫీల్డ్ పిల్లలను తలుచుకున్నప్పుడల్లా మా కాలువగట్టు కళ్లముందు మెదులుతుంది. వలలవారి పిల్లలు ఆ గుండ్లతో గోలీలాడేవారు. వాటిని పళ్ల మధ్య కొరికి తాడుకు బిగించేవారు. నేనూ కొరికినవాణ్ణే. అది విషమని మాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి తెలిసినవారూ అక్కడ లేరు. మీ ఇంటి అటక మీద పాత వలగుండ్లు ఏమైనా ఉంటే, దయచేసి మనవలకు అందకుండా చూడండి.

ఆ ముసలి రైతు ఇప్పుడు లేడు. ఉంటే, "పెద్దాయనా, అది గవర్నమెంటు నెంబరు కాదు, పౌను సీసానికి పన్నెండు గుండ్ల లెక్క" అని చెప్పి, తెలియనిది తెలిసినట్టు చెప్పినందుకు క్షమించమని అడిగేవాణ్ణి.