ఫోర్డు చేయని ఫోర్డు భాగాలు

అమెరికాలో 1908 అక్టోబరు నుంచి 1927 మే వరకు దాదాపు కోటిన్నర దాకా తయారైన ఫోర్డు మోడల్ టి కారు వెన్నంటే, కంపెనీ ఇవ్వని భాగాలను ఆ కారు కోసమే చేసి అమ్మే మరో పరిశ్రమ కూడా పెరిగింది. నమూనా జోలికి పోకుండా ధరను మాత్రం తగ్గిస్తూ పోవాలన్నది హెన్రీ ఫోర్డు పట్టుదల. తొలినాళ్లలో టూరింగ్ రకం 850 డాలర్లు పలకగా, 1925 నాటికి రెండు సీట్ల రనబౌట్ రకం 260 డాలర్లకే దొరికింది. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేసిన ప్రతి సదుపాయమూ బయటివారికి బేరమైంది. సియర్స్ రోబక్ వంటి సంస్థలు తపాలా ద్వారా అమ్మే సరుకుల పట్టికల్లో స్పీడోమీటర్లు, షాక్ అబ్సార్బర్లు మొదలుకొని ఇంజను భాగాల దాకా అన్నీ చోటు చేసుకున్నాయి. ఇవన్నీ కారును బాగుచేశాయా అంటే, అటు కంపెనీ భక్తులు చెప్పే జవాబు గాని, ఇటు పట్టికల్లోని ప్రకటనలు చెప్పిన జవాబు గాని నమ్మదగినది కాదు. ఏ భాగం ఏ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిందో, అసలు ఆ లోపం కారులో ఉన్నదో లేదో విడివిడిగా చూడవలసిందే.

లేని లోపానికి మందు అమ్మిన ఉదాహరణ నీటి పంపు. మొదటి రెండున్నర వేల కార్లకు ఫోర్డు కంపెనీయే పంపు అమర్చి, తరవాత దాన్ని తీసివేసి, వేడెక్కిన నీరు తేలికై పైకి లేవగా రేడియేటరులో చల్లబడిన నీరు కిందికి దిగి తనంతట తానే ప్రవహించే పద్ధతికి మారింది. దీనినే థర్మోసైఫన్ అంటారు. రేడియేటరు శుభ్రంగా ఉన్నంతకాలం ఇరవై గుర్రపుశక్తుల ఇంజనుకు ఆ ప్రవాహం చాలు. గొట్టాలు పూడిపోయిన పాత కారుకు బయటి పంపు బిగిస్తే జబ్బు కొన్నాళ్లు దాగుతుందే తప్ప నయం కాదు.

వేగం అమ్మినవారి కథ వేరు. మోడల్ టి ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి గనుక గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం వంకర దారిన లోపలికి పోవలసి వస్తుంది. వాల్వులను పైకి మార్చిన కొత్త హెడ్డు బిగిస్తే ఆ దారి సుగమమై శక్తి పెరుగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ నుంచి రాజో హెడ్లు, షెవ్రొలే సోదరుల నుంచి ఫ్రాంటెనాక్ హెడ్లు వచ్చాయి. ఫోర్డుకు ప్రధాన పోటీదారైన కారు మీద తన పేరు వెలుగుతుండగా, ఆ కంపెనీని ఏనాడో విడిచిపెట్టిన లూయీ షెవ్రొలే ఫోర్డు కార్లకు హెడ్లు చేసి అమ్మవలసి రావడం ఈ చరిత్రలోని వింతల్లో ఒకటి. 1923 ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో ఫ్రాంటెనాక్ హెడ్డుతో దిగిన ఫోర్డు ఐదో స్థానంలో నిలిచిందంటే వారి సరుకులో సత్తువ లేదనలేము. అయితే హెడ్డు మారినా కింద ఉన్నది పాత క్రాంక్ షాఫ్టే. అంగుళంపావు మందపు జర్నళ్లతో మూడు బేరింగుల మీద తిరిగే ఆ షాఫ్టుకు నూనె ఒత్తిడితో అందదు, చిందిన నూనే గతి. అదనపు శక్తిని అదే పనిగా పిండితే అది విరగడం అరుదేమీ కాదు. పందెం కారుకు చెల్లే లెక్క పొలానికీ సంతకూ తిరిగే కారుకు చెల్లదు.

అసలు చిక్కుముడి బ్రేకు దగ్గర ఉంది. మోడల్ టిలో కుడి పెడల్ నొక్కితే బిగిసేది చక్రం కాదు, గేరుపెట్టె లోపల తిరిగే డ్రమ్ము చుట్టూ ఉన్న పట్టీ. ఆ పట్టు డ్రైవ్ షాఫ్టు ద్వారా, వెనక ఇరుసు ద్వారా చక్రాలను చేరుతుంది. ముందుకు పోయే గేర్లు రెండే కావడంతో, బరువుతో ఎత్తెక్కేటప్పుడు పెద్ద గేరులో ఇంజను ఆగిపోయేది, చిన్న గేరులో కారు పాకేది. ఈ వెలితి తీర్చడానికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తయారైన రక్‌స్టెల్ ఇరుసు వచ్చింది. వెనక ఇరుసులోనే అదనపు గేర్లు అమర్చి రెండు గేర్లను నాలుగు చేసే ఈ భాగాన్ని ఫోర్డు కంపెనీ సైతం ఆమోదించింది. అది మేలైన భాగమే, కాని కొండ దిగేటప్పుడు దాని మీట రెండు గేర్ల నడుమ నిలిచిపోతే గేరుపెట్టెకూ చక్రాలకూ సంబంధం తెగి, పెడల్ ఎంత తొక్కినా కారు ఆగదు. మిగిలేది చేతి మీటతో పనిచేసే చిన్న బ్రేకు మాత్రమే. అందుకే వెనక చక్రాల డ్రమ్ముల మీద నేరుగా బిగిసే రాకీ మౌంటెన్ బ్రేకులు కూడా అవసరమయ్యాయి. ఒక బయటి భాగం తెచ్చిన ప్రమాదాన్ని మరో బయటి భాగం కాయవలసి వచ్చిందన్నమాట.

ఇంతకీ ఏ అదనపు భాగమూ లేని కారులోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. వెనక ఇరుసులో పక్క ఒత్తిడిని ఓర్చే వాషర్లను కంపెనీ బాబిట్‌తో, అంటే తగరం, సీసం వంటి మెత్తని లోహాల మిశ్రమంతో చేసేది. ఏళ్లు గడిచాక అవి పొడిపొడిగా రాలిపోతే క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానినొకటి వదిలేస్తాయి. కారు నడక, బ్రేకు రెండూ ఒక్కసారే పోతాయి. నేటి యజమానులు వాటి స్థానంలో కంచు వాషర్లు వేస్తారు. బయటికి కనిపించని, వేగం రవ్వంత కూడా పెంచని ఈ మార్పుకు సాటి వచ్చే మెరుగు పట్టికల్లోని ఆడంబరపు సరుకులో కనబడదు.

1927 డిసెంబరులో వచ్చిన మోడల్ ఏ కారుకు నాలుగు చక్రాల బ్రేకులు, మూడు గేర్లు, నీటి పంపు కంపెనీయే ఇవ్వడంతో బయటివారి పాత బేరాలు చాలావరకు చెల్లిపోయాయి. మిగిలిన మోడల్ టి కార్ల కోసం రక్‌స్టెల్ ఇరుసులూ, రాకీ మౌంటెన్ బ్రేకులూ ఇప్పుడు మళ్లీ కొత్తగా తయారవుతున్నాయి. మొదటిది బిగించేవారు రెండోదీ బిగించుకోవాలని ఆ కార్లు నడిపేవారు నేటికీ హెచ్చరిస్తారు.