సాలీళ్ళని లెక్కపెట్టే ఉద్యోగం

ఈసారి కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న లొల్ల లాకుల దగ్గర మా రైతు ఒకాయన కలిశారు. "మా అమ్మాయి ఏజీ బీఎస్సీ అయిపోవచ్చిందండి. బ్యాంకు పరీక్ష రాయమంటే వినదు, పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటంది. చేలో పురుగులు, సాలీళ్ళు, మట్టి, నీళ్ళు అన్నీ కలిపి చదువుతాదంట. సాలీళ్ళని లెక్కపెట్టడం ఉద్యోగమా అండీ?" అన్నారు. అప్పటికి నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక ఆలోచనలో పడ్డాను. ఆ ఉద్యోగం మన దగ్గర పెరిగింది మన డెల్టా కష్టాల వెంటే. ఆ కథ చెబుతాను.

1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే కాలువ మన కోనసీమని తడిపింది. నీరొచ్చింది, పంటలొచ్చాయి. ఊళ్ళకి ఊళ్ళు ఒకే పంట వేస్తే మనకి ఎంత సౌకర్యమో, తెగులుకీ అంతే సౌకర్యం.

మొదటి దెబ్బ చెరుకు మీద పడింది. 1900 ప్రాంతంలో గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు తోటల్ని తినేసింది. అప్పటి మద్రాసు ప్రభుత్వ వృక్ష శాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ దాని మీద పనిచేశాడు. 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. ఆయన తరవాత కోయంబత్తూరులో చెరుకు కొత్త రకాల పనికి పునాది వేసి, రిటైరయ్యాక కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పాడు. చూశారా, మన చెరుకు మడిలో నేర్చుకున్న మనిషి చివరికి అక్కడ పాఠం చెప్పాడు.

వరికి 1925లో మార్టేరు పరిశోధన స్థానం వచ్చింది. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇప్పటి ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ దానికి చేయూతనిచ్చింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, పాఠం చెప్పడం, పరిశోధన చేయడం, రైతు దగ్గరికి వెళ్ళడం, ఈ మూడూ ఒకే సంస్థ పని. అందుకే కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అన్నాయన్ని పరిశోధన స్థానంలో వేస్తే శాస్త్రవేత్త అంటారు. అసోసియేట్ ప్రొఫెసర్ అక్కడ సీనియర్ శాస్త్రవేత్త. ప్రొఫెసర్ అయితే ప్రధాన శాస్త్రవేత్త.

ఇక సుడిదోమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ వచ్చింది. దిగుబడిలో రాణి, కానీ సుడిదోమకి ఆగదు. మనం మందు మీద మందు కొట్టాం. సరిగ్గా అదే ప్రశ్న మీద ఫిలిప్పీన్స్ వరిచేలల్లో పీటర్ కెన్‌మోర్ అనే పరిశోధక విద్యార్థి కూర్చున్నాడు. మందు కొట్టిన మడిలో దోమ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. కారణం, దోమని తినే సాలీళ్ళు ముందు చచ్చిపోతున్నాయి. 1980లో అదే ఆయన పీహెచ్‌డీ అయింది. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఆపేసిందంటే, దాని వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి. సాలీళ్ళని లెక్కపెట్టడం ఉద్యోగమేనండి!

మన మార్టేరు కూడా ఊరుకోలేదు. దోమని తట్టుకునే చైతన్య, కృష్ణవేణి, విజేత లాంటి రకాలిచ్చింది. రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమంటారే, అదీ చేనంతటినీ కలిపి చూసిన ఆలోచనే. గాలి, వెలుతురు ఆడితే దోమకి ఇల్లు సరిపడదు.

కొబ్బరికి ఈమధ్య సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. మన దేశంలో మొదట కనబడింది 2016లో, తమిళనాడు పొల్లాచ్చిలో. ఆకులన్నీ మసి పట్టి నల్లబడితే మనకి వెంటనే మందు కొట్టాలనిపిస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు వద్దన్నారు. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న మిత్రపురుగుని బతకనివ్వమన్నారు, ఇసారియా అనే శిలీంధ్రం పిచికారీ చేయమన్నారు. ఆ మాట చెప్పాలంటే తోటలో ఎవరు ఎవర్ని తింటున్నారో తెలిసిన మనిషి ఉండాలి కదా.

అయితే ఆ అమ్మాయికి కష్టం కూడా చెప్పాలి. బీఎస్సీ నాలుగేళ్ళు, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ కనీసం మూడు, నెట్ పరీక్ష, ఆపైన నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ఈ చదువుకి విడిగా శాఖ చాలాచోట్ల ఉండదు. కీటక శాస్త్రంలోనో, మృత్తిక శాస్త్రంలోనో, ఆగ్రానమీలోనో చేరి దారి వేసుకోవాలి. ప్రమోషన్‌కి పరిశోధన పత్రాల లెక్క అడుగుతారు. చేను మాత్రం రెండేళ్ళలో జవాబు చెప్పదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఒకే పొలంలో గోధుమ వేసి 1843 నుంచి లెక్కలు రాస్తున్నారు. మన ఆనకట్ట కంటే పాత లెక్క అది! ఒకరు రిటైరైతే ఇంకొకరు పుస్తకం అందుకున్నారు. మన దగ్గర కుర్చీ ఖాళీ అయితే పుస్తకం అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ కొత్త పురుగొచ్చినప్పుడు మనకి దిక్కు మందుల షాపే.

అందుకే ఆ రైతుకి నా మాట ఇదండి. అమ్మాయిని చదవనివ్వండి. బ్యాంకులో కుర్చీకి మనుషులు దొరుకుతారు. చేలో కూర్చునేవాళ్ళే కరువు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఆపకండి. ఈ పూట మందు కొట్టే ముందు ఒక్కసారి వంగి, దుబ్బు మొదట్లో సాలీళ్ళు ఎన్ని ఉన్నాయో చూడండి. ఎన్ని కనబడ్డాయో కింద రాయండి.