తొమ్మిది రోజుల బెంగ

జాన్‌కి పదిహేడు నెలలు. తల్లి రెండో కాన్పుకి ఆసుపత్రిలో చేరింది. చూసుకునేవాళ్ళు లేక, తొమ్మిది రోజులు వాణ్ణి పిల్లల వసతిగృహంలో ఉంచారు. అక్కడి నర్సులు చెడ్డవాళ్ళేం కాదు, కానీ షిఫ్టులు మారుతుంటే ఎవరి ఒడి తనదో పసివాడికి తేలలేదు. మొదట్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూశాడు. చివరికి పెద్ద టెడ్డీబేర్‌ని వాటేసుకుని పడుకున్నాడు. తొమ్మిదో రోజు తల్లి వచ్చి ఎత్తుకోబోతే, గుక్కపట్టి ఏడుస్తూ ఆమె చేతుల్లోంచి జారిపోవడానికి పెనుగులాడాడు.

1969లో ఈ తొమ్మిది రోజుల్నీ సినిమాగా చూపించినవాళ్ళు జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ దంపతులు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లండన్ హాంప్‌స్టెడ్‌లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో జేమ్స్ బాయిలర్ పని, మరమ్మతులు చూసేవాడు. అక్కడ ఎవరి పని ఏదైనా, పిల్లల్లో గమనించినది రాసి ఇవ్వాల్సిందే. ఆయనకి పిల్లల్ని చూసే కన్ను అక్కడే అబ్బిందని నా నమ్మకం.

పిల్లలకి గాయమయ్యేది తల్లి కనిపించకపోవడం వల్లనా, ఆ సమయంలో తమదంటూ ఒక మనిషి లేకపోవడం వల్లనా? ఇది తేల్చుకోవడానికి ఆ దంపతులు 1960లలో, తల్లి కాన్పుకి వెళ్ళిన నలుగురు పిల్లల్ని విడివిడిగా తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. ముందే రాకపోకలు పెట్టుకుని పిల్లలకి ఇల్లు అలవాటు చేశారు. వాళ్ళ బొమ్మలు, అమ్మ ఫోటో వెంట తెప్పించారు. తిండి, నిద్ర ఇంటి పద్ధతిలోనే. నాన్న వచ్చి చూసి వెళ్ళేవాడు. అమ్మ మాట రోజూ ఎత్తేవారు, దాచలేదు. ఆ నలుగురిలో జేన్ కూడా పదిహేడు నెలలదే. ఆడుకుంటూ ఒకరోజు తన సొంత ఇంటి గేటు గుర్తుపట్టి తెరవబోయింది. బెంగ లేదని కాదు. కానీ అమ్మ తిరిగొచ్చినప్పుడు పిల్లలు ఆమెని కాదనుకోలేదు.

నన్నడిగితే, తర్వాత వచ్చినదంతా ఈ చిన్న ఇంటి ప్రయోగం చెప్పిన మాటనే బలపరిచింది. 1970ల నడుమ ఇంగ్లండ్‌లోని లీడ్స్, సోమర్సెట్‌లలో, వికలాంగులైన పిల్లల్ని వారాంతాలకి హాస్టళ్ళకి కాకుండా మామూలు కుటుంబాలకి పంపే పథకాలు మొదలయ్యాయి. స్వీడన్ 1982లో అమల్లోకి వచ్చిన చట్టంతో ‘సంబంధ కుటుంబం’ ఏర్పాటుకి చోటిచ్చింది. నెలకొక వారాంతం పిల్లవాడు ప్రతిసారీ అదే ఇంటికి వెళ్తాడు, అమ్మానాన్నలకి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో 1989 బాలల చట్టం, పిల్లల్ని తల్లిదండ్రుల ఇష్టంతోనే, వాళ్ళ హక్కులు అలాగే ఉండగా, కొన్నాళ్ళు వేరే ఇంట్లో ఉంచే దారి స్పష్టం చేసింది. అప్పటిదాకా సాయం అడగడమంటే బిడ్డని పోగొట్టుకోవడమే అన్న భయం చాలా ఇళ్ళలో ఉండేది. 1996లో బ్రాడ్‌ఫర్డ్‌లో ‘సపోర్ట్ కేర్’ మొదలైంది. అప్పులు, మానసిక అనారోగ్యం, ఒంటరి పెంపకంతో నలిగిపోతున్న ఇళ్ళ పిల్లలకి ముందే అనుకున్న రోజుల్లో, తెలిసిన ఇంట్లో ఆశ్రయం.

ఇప్పుడు ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం, ఇలాంటి చిన్న విడిదులు (‘షార్ట్ బ్రేక్స్’) అన్నీ ఒకే ఇంట్లో అయితే, ఒక్కోటి 17 రోజులు, ఏడాదికి మొత్తం 75 రోజులు మించనంతవరకు వాటిని ఒకే ఏర్పాటుగా లెక్కిస్తారు. ‘ఒకే ఇంట్లో’ అన్న ఆ చిన్న షరతులో జాన్ ఏడుపు వినిపిస్తుంది నాకు.

మన దగ్గర ఇలాంటప్పుడు అమ్మమ్మ ఇల్లు ఉండేది. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళలో ఎంతోమందికి అది వేల మైళ్ళ అవతల ఉంది. ఇంట్లో ఒక ఖాళీ గది, నెలకొక వారాంతం ఇవ్వగలిగినవాళ్ళు మీ కౌన్సిల్ ఫోస్టరింగ్ విభాగాన్ని ‘షార్ట్ బ్రేక్స్’ గురించి అడిగి చూడండి. సాయం కావాల్సింది మీకే అయినా, అడగడానికి జంకకండి.