కెరంగ్ నార నుంచి పాలిస్టర్ దారం దాకా: మన బ్యాడ్జి గుడ్డ చరిత్ర



పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. ఈసారి ఆగస్టు 9కి బ్యాడ్జి ఎలా చేయిద్దాం అని గ్రూపులో అడిగారు కదా, దానికి జవాబు ఇది. బ్యాడ్జి గురించి మొదలుపెడితే గుడ్డ దగ్గరికి, దారం దగ్గరికి, చివరికి మన అవ్వల దగ్గరికి వెళ్లింది. అందుకే చరిత్రగానే రాస్తున్నాం.

మేం రుషికొండ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. మా గదుల్లో బగత, కొండదొర, గదబ, కోటియ, వాల్మీకి పిల్లలం అందరం ఉన్నాం. దాదాపు అందరి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. పోయినేడాది ఆదివాసీ దినోత్సవానికి అట్టముక్క మీద ప్రింటు తీసి, పిన్నీసుతో చొక్కాకి గుచ్చుకున్నాం. సభ దగ్గర అందరికీ ఉంది. క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సగంమంది జేబుల్లోకి పోయింది. ఎవరూ తీసెయ్యమని చెప్పలేదు. "ఏంటి బ్యాడ్జి? ఏ కోటా?" అని ఒక్కడు అడిగాడంతే. అది మాలో మేం చాలా రోజులు మాట్లాడుకోలేదు.

ఆ రోజు తేదీ ఊరికే పెట్టింది కాదు. 1982 ఆగస్టు 9న ఆదివాసీల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి వర్కింగ్ గ్రూపు మొదటిసారి కూర్చుంది. దాని గుర్తుగా 1994లో సమితి ఈ రోజును ప్రకటించింది. అలాంటి రోజుకి పిన్నీసు చాలదు, కుట్టుకునే బ్యాడ్జి కావాలి అనుకున్నాం. కుట్టింది గుమ్మం దగ్గర తీసి జేబులో పెట్టుకోలేం కదా.

గుడ్డ మీద గుర్తు పెట్టుకోవడం మనకి కొత్త కాదు. ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఆయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మన తలలు, ముక్కులు కొలబద్ద పెట్టి కొలిచిన మనిషి ఆయనే. ఆ కొలతల్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ గదబ ఆడవాళ్లు నార గుడ్డ తామే నేసుకుని కట్టుకుంటారని ఆయన రాసింది మాత్రం పనికొస్తుంది. ఆయన రాసినప్పటి విశాఖపట్నం జిల్లాలో కొరాపుట్ వైపు కొండలు కూడా ఉండేవి. 1936లో అవి ఒరిస్సాకి పోయాయి. గీత గీసింది ప్రభుత్వాలు. చుట్టాలు రెండు పక్కలా ఉండిపోయారు.

ఆ గుడ్డే కెరంగ్. అడవిలో దొరికే కెరంగ్ మొక్క బెరడు ఒలిచి, ఎండబెట్టి, నార తీసి, చేత్తో దారం వడికి, నూలు దారం కలిపి చిన్న మగ్గం మీద ఆడవాళ్లే నేసేవాళ్లు. ఎరుపు, నీలం, తెలుపు చారలు. దూరం నుంచి చూసినా ఈ మనిషి గదబ అని తెలిసిపోయేది. మాలో ఒకడి అవ్వ పెట్టెలో అలాంటి పాత గుడ్డ ఒకటి ఉంది. మొన్న సెలవులకి వెళ్లి పట్టుకుని చూశాం. బరువుగా ఉంది, గరుగ్గా ఉంది. "ఇది గుచ్చుకోదా అవ్వా?" అంటే నవ్వింది. "అలవాటు అవుతాది. చిరగదు, అది చూడు" అంది. ఎంచడం అంటే అదే. మెత్తదనం కంటే మన్నికే ఆమెకి ముఖ్యం.

లంబాడీ అక్కల పని ఇంకో దారి. గుడ్డ మీద గుడ్డ పొరలు వేసి కుట్టి, పైన అద్దాలు, గవ్వలు, నాణేలు పెడతారు. అవన్నీ అడవిలో దొరికేవి కావు. బంజారాలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. సముద్రంలో పుట్టిన గవ్వ ఒకప్పుడు డబ్బుగా కూడా చెల్లింది. అలాంటి గవ్వ, చేతికొచ్చిన నాణెం రవికె మీదికి ఎక్కాయి. తర్వాత రైలు, రోడ్డు వచ్చి ఎద్దుల వ్యాపారం పోయింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. చాలాచోట్ల లంబాడీలను కూడా ఆ జాబితాలో పెట్టారు. 1952లో గానీ ఆ చట్టం ముద్ర పోలేదు. ఇన్నేళ్లూ ఆ రవికె ఎక్కడికి వెళ్లినా మనిషిని పట్టిచ్చింది. అయినా ఆ అవ్వలు దాన్ని విప్పలేదు. మేం అట్టముక్కని జేబులో పెట్టుకున్న సంగతి ఇక్కడ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక మిషన్ సంగతి. 1828లో ఫ్రాన్సులోని ములూజ్ ఊళ్లో జోషువా హైల్మాన్ చేత్తో తిప్పే ఎంబ్రాయిడరీ యంత్రం చేశాడు. 1863లో స్విట్జర్లాండు సెయింట్ గాలెన్ ప్రాంతంలో ఐజాక్ గ్రోబ్లి ఇంకో మాదిరి తెచ్చాడు. కుట్టు మిషన్లో లాగా పైన ఒక దారం, కింద ఒక దారం. కింది దారం ఉండే కండె చిన్న పడవలా ఉంటుంది. అందుకే దాన్ని వాళ్ల భాషలో పడవ పిల్ల అన్నట్టు 'షిఫ్లి' అన్నారు. 1918లో అమెరికా సైన్యంలో 81వ డివిజన్ వాళ్లు భుజం మీద అడవిపిల్లి గుర్తు పెట్టుకున్నారు. ఆ సైన్యంలో భుజం బ్యాడ్జీలకి అదే మొదలు. 1980 నుంచి కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. ఇప్పుడు మన ఊళ్లల్లో రవికెల షాపుల దగ్గర 'కంప్యూటర్ వర్క్' అని బోర్డు ఉండే మిషన్లు ఆ సంతానమే. ఇటు మన విశాఖ కూడా బ్యాడ్జీల ఊరే. 1968 నుంచి తూర్పు నావికాదళం ఇక్కడుంది. బస్సులో పక్కన కూర్చున్న మనిషి భుజం చూస్తే ఏ ఉద్యోగమో చెప్పొచ్చు.

సామాను ఎంచడం చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక్క ఉదాహరణ. 1967లో అపోలో 1 నౌకలో, ఇంకా నేల మీద పరీక్షలు చేస్తుండగానే, మంటలు వచ్చి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ తర్వాత చంద్రుడి మీదికి వెళ్లినవాళ్ల సూట్ల మీద దారంతో కుట్టిన బ్యాడ్జీలు పెట్టలేదు. గాజు నారతో నేసిన, మంట అంటుకోని బీటా గుడ్డ మీద గుర్తు అచ్చేసి పెట్టారు. అక్కడ భయం మంట. మాకు భయం హాస్టల్ బకెట్టు, బార్ సబ్బు, బండ.

మా మొదటి ప్రయత్నం చెడింది. టౌన్లో ఒక చోట అన్నింటికంటే తక్కువ రేటు చెప్పినవాళ్ల దగ్గర పది చేయించాం. తెల్ల కాటన్ గుడ్డ, ఎర్ర దారం, వెనక ఇస్త్రీతో అంటుకునే జిగురు. రెండు ఉతుకులకి ఎరుపు దిగి తెలుపంతా గులాబీ అయింది. గుడ్డ ముడుచుకుని అంచులు పైకి లేచాయి. జిగురు ఊడింది. తప్పు మాది కూడా. రేటు అడిగాం గానీ సామాను అడగలేదు. అప్పుడు నేర్చుకున్నవి ఇవి:

గుడ్డ: పాలిస్టర్, కాటన్ కలిసిన ట్విల్ మంచిది. డ్రిల్ గుడ్డలా ఏటవాలు నేత ఉంటుంది. సూది వందలసార్లు పొడిచినా నిలబడుతుంది, పెద్దగా ముడుచుకోదు. ఒట్టి కాటనే కావాలంటే ముందే ఒకసారి తడిపి ఆరబెట్టాలి. సాగే టీషర్టు గుడ్డ వద్దే వద్దు.

అడుగు పొర: గుడ్డ కింద బక్రం గానీ ఎంబ్రాయిడరీ పేపరు గానీ పెట్టకపోతే కుట్టు గుడ్డని లాగేసి గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది. లంబాడీ అవ్వలు గుడ్డ కింద గుడ్డ పొరలు పెట్టింది కూడా పై పని బరువుకి ఆసరా కోసమే.

దారం: రెండు రకాలు అడుగుతారు, రేయాన్, పాలిస్టర్. రేయాన్‌ది చక్కటి మెరుపు, కానీ తడిస్తే బలం బాగా తగ్గుతుంది. పాలిస్టర్ ఉతుకుడికి, ఎండకి, బ్లీచింగుకి ఎక్కువ తట్టుకుంటుంది. మామూలు పనికి 40 నంబరు, సన్న అక్షరాలకి 60 నంబరు. ఎరుపు ఏ దారమైనా ముందు ఒక ముక్క తెల్లగుడ్డతో కలిపి వేడినీళ్లలో నానబెట్టి చూడండి.

అక్షరాలు: ఇది మనకే ప్రత్యేకం. తెలుగు అక్షరాలకి గుడులు, వత్తులు, పొల్లులు. చిన్నగా కుడితే 'ఆదివాసీ'లో గుడి దీర్ఘం దారంలో మునిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరం అర సెంటీమీటరుకి చదవొచ్చేమో, మనది సెంటీమీటరైనా ఉండాలి. మాటలు తగ్గించండి. మేం 'జోహార్' ఒక్కటే ఉంచాం.

అంచు, వెనక: గుండ్రమో చదరమో అయితే చుట్టూ లావు అంచు కుట్టించండి, పీచు లేవదు. జిగురు వద్దు, చేత్తో కుట్టుకోండి.

రేయాన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేం. అది గాజూ కాదు, పెట్రోలూ కాదు, చెట్టే. కలప గుజ్జుని కరిగించి దారం తీస్తారు. 1892లో ఇంగ్లండులో కనిపెట్టిన విస్కోస్ పద్ధతి అది. మన దగ్గర ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో, కోయగూడేలున్న గోదావరి ఇలాకాలో, ఏపీ రేయాన్స్ ఫ్యాక్టరీ ఆ గుజ్జే చేసేది. తర్వాత బిల్ట్ పేరు మీద నడిచి 2014లో ఆగిపోయింది. అంటే అవ్వ చేతిలోని కెరంగూ, షాపులోని మెరిసే రేయాన్ కండెలూ రెండూ చెట్టు నారే. ఒకదాన్ని ఒలిచిన మనిషి నేసి తనే కట్టుకుంది. రెండోదాని చెట్టు నరికినవాళ్లు, దాన్ని చొక్కా మీద కుట్టుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేదు. పాలిస్టర్ 1941లో ఇంగ్లండులోనే పుట్టింది, అది పెట్రోలు బిడ్డ. ఇన్ని తెలిశాక కూడా మేం పాలిస్టరే ఎంచాం. ఎందుకంటే మాది బండ మీద ఉతుకుడు, బ్యాడ్జి నాలుగేళ్ల చదువు పూర్తయ్యేదాకా ఉండాలి. అవ్వ చెప్పిన లెక్కే, చిరగదు, అది చూడు.

డిజైన్ దగ్గర గొడవైంది, దాచం. ఎరుపు, నీలం, తెలుపు చారలు పెడదామని ఒకరన్నారు. మా గదబ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అవ్వ ఆ గుడ్డ కట్టుకుని సంతకెళ్తే నవ్వేవాళ్లంట. ఇప్పుడు అందరూ పెట్టుకుంటారా?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆమెనే అడగమన్నాం. ఫోన్లో అడిగాడు. "పెట్టుకోనీ. ఎవలదని అడిగితే మాత్రం చెప్పాలి" అంది.

అందుకే ఈ పోస్టు. బ్యాడ్జి మీద మూడు చారలు, 'జోహార్' ఉంటాయి. ఆ చారలు గదబ ఆడవాళ్లవి, కెరంగ్ గుడ్డవి. కుట్టుకునే ప్రతివాళ్లూ ఈ మాట నేర్చుకోవాలి, అదొక్కటే షరతు. మిగతా తెగల గుర్తులు వచ్చే ఏడాదికి మీ మీ అవ్వల్ని అడిగి రాయండి. ఏ గుడ్డ, ఏ నార, ఏ రంగు, దేంతో చేసేవాళ్లు, అన్నీ రాయండి. ఆ అవ్వలు ఉన్నప్పుడే అడగాలి.

ఈసారి క్లాసులో ఎవరైనా "ఏంటి బ్యాడ్జి?" అని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఇంత కథ ఉంది. కూర్చోబెట్టి చెబుదాం.

జోహార్.
రుషికొండ హాస్టల్ నుంచి, మేమందరం